అద్దానికి తగిలిన చెరకు ఆకు

మా మేనల్లుడు మొన్న ఆదివారం ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని ఫోన్లో మ్యాప్ తీసి చూపించాడు. అమలాపురం నుంచి శ్రీనగర్. కింద నుంచి పైదాకా ఒకటే నీలం గీత. "క్రిస్మస్ మర్నాడు బయల్దేరుతున్నాం మావయ్యా, నలుగురం, కార్లో. మంచు చూసొస్తాం. నువ్వెళ్ళావు కదా, ఏమన్నా చెప్పు" అన్నాడు.

"మీ నాన్న కూడా వెళ్ళాడుగా, ఆయన్నడగరా" అన్నాను.

"నాన్న చెప్పడు, తిడతాడు" అన్నాడు.

అదీ నిజమే. నేనే కొంత చెప్పబోయాను గానీ కుర్రాడు మధ్యమధ్యలో ఫోన్ చూసుకుంటూ ఊఁ కొడుతున్నాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. వాడు చదవకపోయినా మా అక్క చదువుతుంది. చదివాక వాణ్ణి వదలదు.

అసలు చిక్కంతా మంచు అనే మాటతోనే వస్తుందనుకుంటాను. తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, కాలవ మీద పొగలా లేచేదీ మంచే, కాశ్మీర్లో కొండల మీద పడేదీ మంచే. మనకి అన్నిటికీ ఒకటే మాట. పైగా డెల్టాలో మంచంటే మంచిదే. సార్వా కోతలయ్యాక మినుము చల్లినవాళ్ళని అడగండి, ఆ చేనుకి మంచే సగం నీరు. "ఈ ఏడు మంచు బాగా పడుతోంది" అని మా ఊళ్ళో సంతోషంగా చెప్పుకుంటారు. అలా పెరిగినవాడికి మంచంటే భయం ఎందుకుంటుంది? నాకూ ఉండేది కాదు.

నేను పద్నాలుగేళ్ళు లారీ మీద ఉన్నాను. ఇప్పుడు కళ్ళజోడొచ్చి బండి దిగి, అంబాజీపేటలో కొబ్బరి కొట్లో లెక్కలు రాసుకుంటున్నాను. బండి మా బావది, పది చక్రాలది. ఆయనా నేనూ మార్చుకుంటూ తోలేవాళ్ళం. మాతో పాటు క్లీనర్ కుర్రాడొకడు. ఎక్కువగా నాగపూర్, ఇండోర్, జైపూర్ వెళ్ళేవాళ్ళం. కొబ్బరికాయ అక్కర్లేని ఊరు ఈ దేశంలో లేదు కదా. ఒక్కసారి మాత్రం జమ్మూకి లోడు తగిలింది. కిరాయి బాగుంది. తిరుగు లోడు కాశ్మీర్ నుంచి ఆపిల్స్ ఇప్పిస్తానన్నాడు బ్రోకరు. డిసెంబరు ఆఖరివారం. పండగలోపు వచ్చేస్తాం అని మా అక్కకి చెప్పి బయల్దేరాం.

రావులపాలెం, విజయవాడ, హైదరాబాద్, నాగపూర్, ఝాన్సీ. అక్కడిదాకా చెప్పుకోడానికేం లేదు, చలి పెరగడం తప్ప. ఆగ్రా దాటాక మొదలైంది అసలు కథ.

పొగమంచు నాకు కొత్త కాదనుకున్నాను. ధవళేశ్వరం బ్యారేజీ మీద సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే ఎన్నిసార్లు రాలేదు! కానీ మన మంచు పొద్దెక్కేసరికి పోతుంది, ఓ పది కిలోమీటర్లు పోతే పలచబడుతుంది. అక్కడలా కాదు. ఢిల్లీ, పానిపట్, అంబాలా, లూధియానా, ఎంత దూరం పోయినా అదే. రాత్రి తొమ్మిదికి దిగితే పొద్దున్న పదకొండుకి కూడా లేవదు. కొన్నిసార్లు రోజంతా లేవదు. కనపడే దూరం కిలోమీటరు లోపైతే పొగమంచు అంటారు వాతావరణ శాఖ వాళ్ళు. 200 మీటర్ల లోపైతే దట్టం, 50 లోపైతే అతి దట్టం. కర్నాల్ దగ్గర ఆ తెల్లవారుజామున మాకు కనపడింది మా బానెట్టే. దాన్నేమంటారో మరి.

పానిపట్ దాటాక బావ వెనక బెర్తు మీద పడుకున్నాడు. పడుకునే ముందు ఒక్కటే చెప్పాడు. "ముల్లు ఇరవై దాటిందంటే నాకు మెలకువొస్తుందిరా." పెద్ద లైటు వేస్తే ఎదర తెల్ల గోడ లేచి నిలబడుతోంది. ఆ నీటి బిందువులు మన వెలుగుని మన కళ్ళలోకే తిప్పికొడతాయి. చిన్న లైటు వేసుకుని, ఇండికేటర్లు నాలుగూ వేసుకుని, ఎడమవైపు తెల్లగీత మీదే ప్రాణం పెట్టి తోలుతున్నాను. క్లీనర్ కుర్రాడు తలుపు లోంచి తల బయట పెట్టి గీత చూస్తూ, "లెఫ్టన్నా, లెఫ్ట్, ఆఁ రైట్" అంటున్నాడు. కాసేపయ్యాక వాడి ముఖం కొయ్యబారిపోయింది. లోపలికొచ్చి చేతులు రుద్దుకుంటున్నాడు.

అప్పుడు నాకు పచ్చి చెరకు వాసనొచ్చింది.

తణుకు రోడ్డులో గానుగాట రోజుల్లో వచ్చే వాసనే. నాకు తెలియకుండానే మా ఊరివైపు ఆలోచన పోయింది. ఒక్క క్షణం, అంతే. అద్దం మీద సర్రున ఏదో గీసుకుంది. చూస్తే ఆకు. చెరకు ఆకు. అద్దానికి అవతల, నా ముఖానికి ఒక మూరెడు దూరంలో, పచ్చగా, మంచుకి తడిసి, అంచుకి ఒక నీటిబొట్టు వేలాడుతూ. దాని వెనక ఏముందో ఇంకా కనపడలేదు. కాలు దానంతటదే బ్రేకు మీదకెళ్ళింది.

ఆ ఆకు తగిలాక బండి ఆగేలోపు చెరకు మొదళ్ళు ఎడమవైపు అద్దం లోంచి క్యాబిన్‌లోకి వచ్చేశాయి. ఈటెల్లాగా ఓ పదీ పన్నెండు. క్లీనర్ కుర్రాడు అప్పుడే బీడీ కోసం కిందకి వంగాడు. ఆ రోజు నుంచీ నేను ఎవర్నీ బీడీ మానెయ్యమని చెప్పలేదు.

ట్రాక్టరు ట్రాలీ అది. మిల్లుకి పోతోంది. వెనక లైటు లేదు, రేడియం ముక్క కూడా లేదు. చెరకు ట్రాలీ దాటి ఓ నాలుగడుగులు బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఆ రోజుల్లో అక్కడ చలికాలమంతా ఇవే. మనకి సంక్రాంతి, వాళ్ళకి చెరకు కోత. కంబళి కప్పుకున్న ముసలాయన దిగొచ్చాడు. తిడతాడనుకున్నాను. పగిలిన అద్దం వంక, మా కుర్రాడి వంక చూసి, దండం పెట్టి, రెండు గడలు లాగి మోకాలి మీద విరిచి మా చేతిలో పెట్టాడు. తప్పు ఆయనదో నాదో మాట్లాడుకోడానికి మాకు భాష కూడా లేదు.

బావ లేచొచ్చి అడిగిన మొదటి మాట: "ఎంతలో పోతున్నావ్?"

"ఇరవైలోనే."

ఇంకేం అనలేదు. ఆ పక్కనే ఉన్న ఢాబాలోకి బండి తిప్పించి, రోడ్డు దాటి పూర్తిగా లోపల పెట్టించి, ఇంజను ఆపేశాడు. పదకొండున్నరకి ఎండ పొడిచాక బయల్దేరితే, రెండు కిలోమీటర్ల అవతల రోడ్డు మీద అయిదు బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఉన్నాయి. ముందు ఆగినవాడు రోడ్డు మీదే ఆగినట్టున్నాడు. గంటకి ఎనభైలో పోయే బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. యాభై మీటర్లే కనపడుతున్నప్పుడు ఎనభైలో పోయేవాడికి లెక్క ఎక్కడ కుదురుతుంది?

ఆ ఢాబాలో ఒక పఠాన్‌కోట్ డ్రైవరు బావకి హిందీలో చెప్పిన సంగతి నాకు తర్వాత ఎప్పుడో టీవీలో వాతావరణం వార్తలు వింటుంటే అర్థమైంది. చలికాలంలో పడమటి నుంచి, మధ్యధరా సముద్రం వైపు నుంచి, గాలివానలు వరసగా వస్తాయి. పశ్చిమ అలజడులు అంటారు. అవి కొండల మీద మంచు, కింద మైదానంలో జల్లులు కురిపించి పోతాయి. పోయాక ఆకాశం తేటపడుతుంది, గాలి పడిపోతుంది. తడి నేల రాత్రికి వేడంతా పైకి వదిలేసి చల్లబడుతుంది. ఇక నేల మీది తేమ లేవలేక అక్కడే పొగమంచై కూర్చుంటుంది. కాలవలు, గోధుమ చేల తడి దానికి తోడు. అంటే కొండ మీద మంచు ఆగిందని సంబరపడి బయల్దేరేవాడికి కింద పొగమంచు కాచుకుని ఉంటుందన్నమాట. ఆ పఠాన్‌కోట్ ఆయనకి ఈ లెక్క వేళ్ళ మీద ఉంది. "కొండ మీద మంచు పడ్డ వార్త వింటే నేను మూడో రోజు రాత్రి బండి తియ్యను" అన్నాడు.

పగిలిన చోట అట్టపెట్టె ముక్క, దాని మీద గోనెసంచి అంటించి జమ్మూదాకా వెళ్ళాం. ఆ చలి గురించి రాయను.

జమ్మూలో కాయలు దించి, కొత్త అద్దం వేయించి, ఖాళీ బండితో పైకి బయల్దేరాం. ఉధంపూర్ దగ్గర జఖేనీలో పోలీసులు ఆపేశారు. పైన మంచు పడుతోంది, రోడ్డు మూశారు. అక్కడ పద్ధతి ఏంటంటే, పెద్ద బండ్లకి ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి. మంచు పడితే అదీ లేదు. వరసగా వందల లారీలు. నాలుగు రోజులు అక్కడే. బండి కింద స్టవ్వు పెట్టుకుని అన్నం, మిగిలిన కొబ్బరికాయలతో పచ్చడి. పక్క లారీ సర్దార్జీలు మా కొబ్బరి పచ్చడికి అలవాటు పడిపోయారు, మాకు వాళ్ళ ఆవనూనె ఆలుగడ్డ కూర అలవాటు కాలేదు.

ఇక ఫోన్లు. ఇది మేనల్లుడికి ముఖ్యం. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్లో పని చెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మాకు తెలీదు. పంజాబ్ దాటి జమ్మూ కాశ్మీర్లో అడుగుపెట్టే చోటు లఖన్‌పూర్, అది దాటిన దగ్గర్నుంచి మూడు ఫోన్లూ రాళ్ళే. బూత్ నుంచి ఒకసారి చేశాం, లైను కలవలేదు. ఇక్కడ ఇంట్లో టెన్షన్. మా అక్క తొమ్మిది రోజులు నిద్రపోలేదు. టీవీలో మంచు చూపించినప్పుడల్లా అందులో మా బండి వెతుక్కునేదట.

దారి వదిలాక పట్నీటాప్ ఎక్కాలి. రెండువేల మీటర్ల ఎత్తు. అప్పటికి చెనాని–నాశ్రీ సొరంగం ఇంకా తవ్వుతున్నారు. ఎదురుగా తెల్లగా కొండలు. మొదటిసారి చూశాను కదా, ఒక్క నిమిషం బండి ఆపి గుప్పెడు తీసుకుని నోట్లో కూడా వేసుకున్నాను. తెల్ల మంచు నిజానికి అంత చెడ్డది కాదు. కనపడుతుంది, చక్రం కింద కరకరమంటుంది, సరిహద్దు రోడ్లు చూసుకునే బీఆర్ఓ వాళ్ళ యంత్రాలు తోసి పక్కన గోడలా పోస్తాయి. ప్రాణం తీసేది కనపడని మంచు. పగలు కరిగిన నీళ్ళు రోడ్డు మీద పారి, సాయంత్రానికి మళ్ళీ గడ్డకడతాయి. పలచగా, అద్దంలా. కింద తారు కనపడుతూ ఉంటుంది కాబట్టి నల్లగానే ఉంటుంది. వాన కురిసి వెలిసిన మన రావులపాలెం రోడ్డుకీ దానికీ తేడా తెలియదు. ఎండ తగలని మలుపుల్లో, కొండ నీడలో, వంతెనల మీద ఉంటుంది.

మా ఎదర ఒక లారీ దిగుతోంది. బ్రేకు లైట్లు ఎర్రగా వెలిగాయి. చక్రాలు ఆగిపోయాయి. బండి ఆగలేదు. చప్పుడు లేకుండా, నెమ్మదిగా, పడవ రేవులోంచి జారినట్టు పక్కకి తిరిగిపోతూ లోయ వైపు వెళ్తోంది. లోపల డ్రైవరు స్టీరింగు గిరగిరా తిప్పుతున్నాడు, బండికి అదేం పట్టలేదు. రోడ్డు అంచున యంత్రం పోసిన మంచు గట్టుకి తగిలి ఆగింది. ఆయన దిగి, అక్కడే గొంతుక్కూర్చుని సిగరెట్టు వెలిగించుకున్నాడు. అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది.

ఖాళీ బండి మరీ ప్రమాదం. వెనక చక్రాల మీద బరువుండదు, పట్టు దొరకదు. ఈ సంగతి జఖేనీలో సర్దార్జీలు చెబితే బావ పది బస్తాల ఇసుక కొని వెనక చక్రాల మీదకి వచ్చేటట్టు వేయించాడు. గోదావరి ఒడ్డు నుంచి వెళ్ళి ఇసుక కొనుక్కున్నామని అప్పుడు నవ్వుకున్నాను. పట్నీటాప్ దిగేటప్పుడు ఆ ఇసుకే బరువైంది, నాలుగు మలుపుల్లో గుప్పిళ్ళతో చక్రాల కింద చల్లుకున్నాం కూడా. చక్రాలకి గొలుసులు కట్టి, రెండో గేర్లో వేసి, బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజను పట్టు మీదే దిగాడు బావ. ఎక్కిన గేర్లోనే దిగాలనేది ఆయన మారేడుమిల్లి ఘాట్‌లో నేర్చుకున్న పాఠం. అక్కడ దానికి గొలుసులు తోడయ్యాయి, అంతే తేడా.

రాంబన్, బనిహాల్ మధ్య మంచు తక్కువ, రాళ్ళు ఎక్కువ. మంచు కరిగి కొండ తడిస్తే పైనించి రాళ్ళు దొర్లుతాయి. పంథియాల్ దగ్గర అయితే క్లీనర్ కుర్రాడు పైకి చూస్తూ ఉండటమే పని. తర్వాత జవహర్ సొరంగం. 1956లో తెరిచారట, మూడు కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఇటు ఎండలో దూరి అటు తెల్లటి లోకంలో తేలాం. చిల్లై కలాన్ అంటారు అక్కడ, డిసెంబరు 21 నుంచి నలభై రోజులు, చలికి అదే నడిమధ్య. మనుషులు పొడుగు చొక్కా లోపల నిప్పుల కుంపటి పెట్టుకుని తిరుగుతున్నారు, కాంగ్రీ అంటారు దాన్ని. మా అవస్థ వేరు. మన వైపు రేడియేటర్లో బోరు నీళ్ళు పోసేస్తాం కదా, అక్కడ ఆ నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, ఇంజనునే పగలగొడతాయి. రోజూ రాత్రి నీళ్ళు వదిలెయ్యడం, పొద్దున్నే వేడినీళ్ళు పొయ్యడం. కింద పోయించుకున్న డీజిలేమో నెయ్యిలా పేరుకుంది. భోగి నాడు పొద్దున్న, అక్కడి వాళ్ళు మైనస్ ఆరు అన్నారు, ట్యాంకు కింద మంట పెట్టి కరిగించుకున్నాం. ఎవరూ చెయ్యకూడని పని. మంటని చూసి క్లీనర్ కుర్రాడు ఇంటికెళ్దాం అని ఏడ్చాడు.

ఆపిల్స్ సంగతి రెండు ముక్కల్లో: లస్సీపోరాలో కోల్డ్ స్టోరేజీ నుంచి ఎక్కించుకున్నాం. దారిలో మళ్ళీ మూడు రోజులు ఆగాం. విజయవాడ చేరేసరికి ధర పడిపోయిందని బ్రోకరు కిరాయిలో కోశాడు. ముక్కనుమ కూడా అయిపోయాక ఇల్లు చేరాం.

నేను చెప్పినంత విని మేనల్లుడు ఏమన్నాడో చెప్పాలి. "అదంతా పాత కథ మావయ్యా, ఇప్పుడన్నీ సొరంగాలే" అన్నాడు. నిజమే. చెనాని–నాశ్రీ 2017లో తెరిచారు, తొమ్మిది కిలోమీటర్ల పైన. పట్నీటాప్ ఎక్కనక్కర్లేదు, ముప్పై కిలోమీటర్ల దాకా దారి తగ్గింది. బనిహాల్–ఖాజీగుండ్ ఎనిమిదిన్నర కిలోమీటర్లది 2021లో వచ్చింది. 2025 జనవరిలో సోనామార్గ్ సొరంగం కూడా తెరిచారు. కొండ ఇప్పుడు చాలా నయం. పైగా కొండ దగ్గర ఆపేవాడున్నాడు. మంచు పడితే పోలీసు అడ్డం నిలబడతాడు, వద్దు పొమ్మంటాడు. మైదానంలో ఎవడూ ఆపడు. ఆరు వరసల రోడ్డు, నున్నగా ఉంటుంది, కారు దానంతటదే వందకి పోతుంది. పొగమంచుకి సొరంగం ఎక్కడ తవ్వుతారు?

కాబట్టి ఒరేయ్, నీకు చెప్పేది ఆగ్రా నుంచి అంబాలా దాకానే. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద డిసెంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 దాకా కార్లకి వంద నుంచి 75కి వేగం తగ్గించేది ఊరికే కాదు. అసలా రెండు నెలలూ అక్కడ రాత్రి తోలకు. పగలు పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా తోలు, చాలు. చిక్కుకుపోతే రోడ్డు మీద ఆగకు, పెట్రోలు బంకులోకో ఢాబాలోకో పూర్తిగా దిగిపో. అద్దం కాస్త దించి, పాటలు ఆపు. కనపడనప్పుడు చెవులే దిక్కు. ఎదర బండి వెనక లైటు పట్టుకుని పోకు, వాడికీ కనపడటం లేదు. కార్లో ఆ పర్‌ఫ్యూమ్ సీసా తీసెయ్యి. నవ్వకు, నన్ను ఆ రోజు సగం కాపాడింది ముక్కే.

అంతదాకా ఎందుకు, మన కాలవగట్ల మీద జనవరిలో తెల్లారి నాలుగున్నరకి పెళ్ళిళ్ళ నుంచి తిరిగొచ్చే కార్లని చూస్తూనే ఉన్నాను. గట్టుకి పిట్టగోడ ఉండదు, మలుపు ఎక్కడో కొత్తవాడికి తెలీదు, మంచులో నీళ్ళూ రోడ్డూ ఒకే రంగు. ఊరి దారే కదా అని ఎనభైలో వస్తారు. ఆ దారి మీద నేను సైకిలు కూడా దిగి నడిపించుకుంటాను, మా ఆవిడ నవ్వుతుంది.

నిన్న సాయంత్రం వాడి కారు డిక్కీలో ఒక చిన్న ఇసుక బస్తా, ఒక పార, రెండు గోనెసంచులు పెట్టించాను. పోస్ట్‌పెయిడ్ సిమ్ మా అక్క తీయించింది. బావ వీధిలో పడక్కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. నేను ఫోన్లో ఇది రాస్తుంటే మాత్రం పిలిచి, "ఏం రాస్తున్నావురా?" అన్నాడు.

"కర్నాల్ సంగతి బావా."

"అద్దం సంగతి రాశావా?"

"రాశాను."

"రెండువేల ఎనిమిదొందలు. అది కూడా రాయి. ఇంకా ఇవ్వలేదని కూడా రాయి."